ఆపరేషన్ సెకండ్ హ్యాండ్

"చవకలో ఒక రైఫిల్ కావాలి. ఐదారు వందల గజాల దూరంలో పెట్టిన టీ కప్పుని పగలగొట్టాలి. కొన్న సంగతి మాత్రం ఎవరి కంటా పడకూడదు."

రామకృష్ణారావు ఆ మాట అంటుండగా ఒక విమానం ఆఫీసు కప్పు మీదుగా హీత్రూ వైపు దిగింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. కప్పులో టీ తొణికింది. హీత్రూ పక్కనే ఉన్న హేస్‌లో పనిచేసేవాళ్లకి ఇది అలవాటే. విమానం వెళ్లేదాకా నోరు మూసుకుంటారు. వెళ్లాక మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మొదలుపెడతారు.

బయట బోర్డు మీద కార్గో, కొరియర్, పచ్చళ్ల పార్శిళ్లు అని ఉంటుంది. పార్శిళ్లు నిజంగానే వస్తాయి, పోతాయి. కానీ వెనక గదిలో కూర్చునే రామకృష్ణారావుకి జీతమిచ్చేది ఢిల్లీలో పేరు చెప్పుకోని ఒక సంస్థ. ఆయన ఎదురుగా కూర్చున్న రాజ్‌కిరణ్‌ది కూడా అదే సంస్థ.

"ఎవర్ని కాల్చేకి సార్?" అన్నాడు రాజ్‌కిరణ్. నంద్యాల వదిలి చాలా ఏళ్లయినా అతని నాలుక మాత్రం నంద్యాల వదల్లేదు.

"కాల్చేది నువ్వు కాదయ్యా. నువ్వు కొంటావు, బాగుచేస్తావు, ఇచ్చేస్తావు. కాల్చేది వీడు."

టేబుల్ మీదకి ఒక ఫోటో జారింది. నెరిసిన గడ్డం, చల్లని కళ్లు. స్కూల్లో లెక్కలు చెప్పే మేస్టారిలా ఉన్నాడు.

"మిలన్ డ్రెన్. ఒకప్పుడు సైనికుడు. ఇప్పుడు విషవాయువులు తయారుచేసే రసాయనాలు అమ్ముతాడు. రెండేళ్ల క్రితం ఒక యుద్ధంలో వాడి సరుకు వల్ల ఊళ్లకి ఊళ్లు పోయాయి. ఆ సరుకు మన విశాఖ రేవు మీదుగా, మన దొంగ కాగితాలతో వెళ్లింది. అందుకని ఢిల్లీకి వాడు కావాలి, ప్రాణాలతో. ఇంగ్లండులో వాడు ఎవరినో చంపడానికి ప్లాన్ వేశాడు. ఎవరినన్నది తెలీదు. మనిషిని పెట్టుకోడు, తనే కాలుస్తాడు. ఎవర్నీ నమ్మడు."

"మరి నన్నెట్ల నమ్ముతాడు?"

"నిన్ను కాదు, నీ సర్టిఫికెట్‌ని నమ్ముతాడు."

అది నిజం. రాజ్‌కిరణ్ బయటి వేషం ఏమిటంటే, నార్తాంప్టన్‌లో డేటాబేస్ కాంట్రాక్టర్. ఆదివారాలు రైఫిల్ క్లబ్బు. పోలీసులు తనిఖీ చేసి ఇచ్చిన తుపాకి సర్టిఫికెట్. ఒకప్పుడు ఆర్మీ షూటింగ్ టీములో పతకాలు కొట్టిన మనిషి. తాగితే ఉద్యోగాన్నీ దేశాన్నీ తిడతాడని క్లబ్బులో పేరు. తాగకుండానే తాగినట్టు నటించి సంపాదించుకున్న పేరది. మిలిటరీ రైఫిల్ కొంటే పదిమంది కళ్లు పడతాయి. క్లబ్బు మెంబరు సెకండ్ హ్యాండ్ వేట రైఫిల్ కొంటే ఎవరికీ పట్టదు. అది చూసే డ్రెన్ మనుషులు అతనికి గేలం వేశారు.

రామకృష్ణారావు అగ్గిపెట్టె కంటే చిన్నదైన నల్లటి డబ్బా ఒకటి తీశాడు. "ట్రాన్స్‌మిటర్. రైఫిల్ వెనక చెక్క మడమలో, భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ కింద దాచు. రైఫిల్ ఎక్కడికి వెళ్తే అక్కడికి మేం వస్తాం. చుట్టుముట్టి పట్టుకుంటాం."

"ఏమన్నా తేడా వస్తే?"

"గోంగూర సీసా పగిలిందని కబురొస్తుంది. వచ్చిందంటే ఆపరేషన్ లేదు, నువ్వూ లేవు. నీ దారి నువ్వు చూసుకోవాలి."

మళ్లీ విమానం వచ్చింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

* * *

డ్రెన్ తరఫున వచ్చిన మనిషి పేరు లాస్య.

నార్తాంప్టన్ బయట ఒక గార్డెన్ సెంటర్ కేఫ్‌లో కలిసింది. పొడుగాటి ఎర్ర కోటు, కత్తిరించిన జుట్టు, పెదాల మీద ఆరని నవ్వు. చుట్టూ మొక్కలు కొనడానికొచ్చిన ముసలివాళ్లందరూ ఒకసారి తలెత్తి చూశారు. ఇలాంటి అందం గూఢచారికి అడ్డం కదా అనుకున్నాడు రాజ్‌కిరణ్. తర్వాత అర్థమైంది. అందరూ ఆమెనే చూస్తారు. ఆమె పక్కనున్నవాణ్ణి ఎవరూ చూడరు.

"నాన్నది రాజమండ్రి. నేనిక్కడే పుట్టాను. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే ఎవరైనా నవ్వుతారు. సో డోంట్," అంది.

"నవ్వనులే. మీ సార్‌కి ఏం కావాల?"

"చవగ్గా ఉండాలి, ఆర్డినరీగా కనిపించాలి, పర్ఫెక్ట్‌గా కొట్టాలి. ఈజ్ దట్ పాసిబుల్?"

"అయితాది. బారెల్ మంచిదైతే మిగతాదంతా చేతిపని."

మర్నాడే యార్క్‌షైర్‌లో ఒక సంతపట్నానికి వెళ్లారు. తుపాకుల దుకాణంలో నూనె వాసన, కుక్క వాసన. గోడ వెంబడి వరుసగా రైఫిళ్లు. యజమాని ముందు మెరిసేవి తీశాడు. బారెల్‌ని మోసే నల్లటి ప్లాస్టిక్ స్టాకు, పెద్ద పేరు, పెద్ద ధర. రాజ్‌కిరణ్ వాటి ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. ప్లాస్టిక్ వంగి బారెల్‌ని తాకింది. తల అడ్డంగా ఊపాడు.

"వై?" అని గొణిగింది లాస్య.

"కాల్చినప్పుడు బారెల్ తీగలాగా కంపిస్తాది. దాన్ని ఏదీ తగలగూడదు. ఇక్కడ వెంట్రుకవాసి తగిలితే, అక్కడ గుండు మనిషిని దాటుకొని పోతాది."

మూలన ఒక పాత ఫిన్లాండ్ రైఫిల్ కనిపించింది. జింకల వేటకి వాడినది. చెక్క స్టాకు గీతలు పడింది, గుండు ఎక్కించే బోల్టు పిడి దగ్గర రంగు పోయింది. బోల్టు లాగి చూశాడు. వెన్నలో కత్తి దిగినట్టు జారింది. బారెల్‌ని వెలుతురుకు పెట్టి లోపలికి చూశాడు. గాడులు కొత్తవాటిలా నిగనిగలాడాయి. ఎవరో రైతు ఏడాదికి నాలుగు గుండ్లు కాల్చి, మిగతా కాలం పూజలో పెట్టినట్టు దాచుకున్నాడు.

కొన్నది అదే. కాస్త పాతదే అయినా జర్మన్ స్కోపు ఒకటి కొన్నాడు. దాని ధర రైఫిల్ కంటే ఎక్కువైంది. లాస్య కనుబొమలెత్తింది.

"కనపడనిదాన్ని కొట్టలేం గదా. ముందు కంటికి పెట్టాల, తర్వాత తుపాకికి," అన్నాడు.

* * *

ఇంటి వెనక గరాజ్‌లో పని మొదలైంది.

రాజ్‌కిరణ్‌కి చిన్నప్పటినుంచీ ఒక కోరిక. మంచి రైఫిల్‌ని తన చేత్తో తీర్చిదిద్దాలని. ఆర్మీలో ఆ తీరిక దొరకలేదు. సంస్థలోకొచ్చాక ఎప్పుడూ ఎవరో వాడి పడేసిన సామానే. ఇప్పుడు, ఒక హంతకుడి కోసం, ఆ కోరిక తీరుతోంది.

చెక్కలో బారెల్ పడుకునే గాడిని గీకి వెడల్పు చేశాడు. బోల్టు ఉండే ఇనుప భాగం కూర్చునేచోట జిగురులాంటి రెసిన్ పోసి, అది గట్టిపడ్డాక ఇనుమూ చెక్కా ఒకే ముక్కలా కుదిరేటట్టు చేశాడు. గట్టిగా ఉన్న ట్రిగ్గర్ తీసి మెత్తనిది బిగించాడు. బారెల్ మూతిని సానపట్టాడు. స్కోపుకి ఉక్కు పట్టీలు వేసి కుదురుగా బిగించాడు. ట్రాన్స్‌మిటర్‌ని మడమలో దాచి ప్యాడ్ మూశాడు.

పని చేస్తున్నంతసేపూ డ్రెన్ గుర్తురాలేదు. ఎవరు చస్తారో గుర్తురాలేదు. అదే అతన్ని భయపెట్టింది.

చివరి రోజున ఒక పని చేశాడు. రామకృష్ణారావుకి కూడా చెప్పలేదు. చెక్కకి తేమ తగలకుండా పాలిష్ పట్టించేటప్పుడు, లోపల బారెల్ కింద వేలెడంత మేర పాలిష్ వేయకుండా వదిలేశాడు. పొడిగా ఉన్నన్నాళ్లూ రైఫిల్‌కి తిరుగుండదు. వానలో నానిందా, ఆ చెక్క ఉబ్బి బారెల్‌ని తాకుతుంది. గుండు పక్కకి పోతుంది. ట్రాన్స్‌మిటర్ మోసం చేసినా ఇంగ్లండు వాన మోసం చేయదని అతని నమ్మకం. నవంబరు నెల. వాన లేని రోజు ఎక్కడుంది?

* * *

డ్రెన్ పరీక్షకి షెఫీల్డ్ పైనున్న బీడు భూముల్లో ఒక పాత గొర్రెల ఫారం చూసుకున్నాడు. ఆ రోజు చలి ఎముకలు కొరికింది కానీ గాలి పొడిగా ఉంది.

అతను నేలమీద పడుకున్నాడు. ఊపిరి బిగబట్టలేదు, వదిలేశాడు. ఐదు గుండ్లు కాల్చాడు. లాస్య జీపులో వెళ్లి అట్టముక్క తెచ్చింది. ఐదు చిల్లులూ ఒక అరచేతి కింద దాక్కునేంత దగ్గరగా ఉన్నాయి.

డ్రెన్ రైఫిల్‌ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "నా జన్మలో ఇలాంటిది పట్టుకోలేదు. దీనికి పదింతలు పెట్టి కొన్నవి కూడా ఇలా మాట వినలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

రాజ్‌కిరణ్ ముఖం వెలిగింది. వెలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు నాతో ఉండు. గాలి చూసి చెప్పడానికి ఇంకో జత కళ్లు కావాలి," అన్నాడు డ్రెన్. అది అడగడం కాదు.

తిరుగుదారిలో కారులో లాస్య, అతనూ ఇద్దరే ఉన్నారు. ఒక మలుపు దగ్గర ఆమె కారు పక్కకి ఆపింది.

"టార్గెట్ ఎవరో తెలుసా? డాక్టర్ చాముండేశ్వరి. షెఫీల్డ్‌లో చెస్ట్ స్పెషలిస్టు. ఆ యుద్ధంలో క్యాంప్‌లో వాలంటీర్‌గా పనిచేశారు. గ్యాస్ పీల్చినవాళ్లకి ట్రీట్‌మెంట్ ఇచ్చింది ఆవిడే. జెనీవాలో ఆ గ్యాస్ మీద ఎంక్వైరీ ఉంది, ఆవిడే విట్నెస్. గురువారం క్లినిక్ అయ్యాక ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తారు. తీసుకెళ్లే ఎస్కార్ట్‌ని నేనే, అదీ డ్రెన్ ప్లానే." అద్దంలో వెనక రోడ్డు చూసుకుంది. "అండ్ నేను డ్రెన్ మనిషిని కాదు. ఇక్కడి ప్రభుత్వంలో ఒక శాఖ ఉంది, వాళ్ల మనిషిని. యూ ఆర్ నాట్ హూ యూ సే ఈదర్, ఆర్ యూ?"

రాజ్‌కిరణ్ ఒప్పుకుంటున్నట్టు తలూపాడు.

"గుడ్," అందామె. "ఆ రోజు నా దగ్గర పసుపు గొడుగు ఉంటుంది. డ్రెన్ పొజిషన్‌లో ఉన్నాడని తెలిశాక నేను గొడుగు తెరుస్తాను. మా వాళ్లు మెట్ల మీదే ఉంటారు. తలుపు పగలగొట్టి వస్తారు. రైఫిల్‌తో సహా దొరకాలి, లేకపోతే కోర్టులో నిలబడదు."

"రాకపోతే?"

"వస్తారు."

ఆ మాట ఆమె అతనికి కాక తనకే చెప్పుకున్నట్టనిపించింది.

* * *

మంగళవారం పొద్దున ఫోను మోగింది.

"రాజ్‌కిరణ్, పార్శిల్ గురించి చేశాను. గోంగూర సీసా పగిలింది."

"సార్?"

"పగిలిందయ్యా. అంతే."

"టార్గెట్ ఎవరో తెలిసింది సార్. మన డాక్టరమ్మ. గురువారం. రిసీవర్ ఆన్‌లో పెడితే చాలు, మీరు..."

"రిసీవర్ ఢిల్లీకి పంపించేశాం." రామకృష్ణారావు గొంతు తగ్గింది. "చూడు నాయనా, ఆవిడ జెనీవాలో నోరు విప్పితే దొంగ కాగితాల మీద సంతకం పెట్టిన పెద్దమనిషి పేరు కూడా వస్తుంది. ఆ పెద్దమనిషి ఇప్పుడు ఇంకా పెద్దవాడయ్యాడు. అర్థమైందా? నువ్వు ఆ ఊరు వదిలేసెయ్. నీకు టికెట్ కూడా నేను పంపలేను."

"మీరు చేస్తున్నది తప్పు సార్."

"తెలుసు," అన్నాడు రామకృష్ణారావు. ఫోను పెట్టేశాడు.

రాజ్‌కిరణ్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. చాలాసేపు సంగీతం వినిపించాక డాక్టర్ చాముండేశ్వరి దొరికింది. పేరు చెప్పకుండా సంగతి చెప్పాడు.

"ఏం బాబూ, తెలుగోనివా?" అందామె. గొంతులో హైదరాబాదు యాస అలాగే ఉంది. "పోలీసోళ్లు కూడా చెప్పిన్రు, ఖతరా ఉందని. ఉంటే ఏం చెయ్యాలె? క్లినిక్ బంద్ పెట్టాల్నా? ఒక్కొక్కరు ఆర్నెల్లు ఆగి అపాయింట్‌మెంట్ తీస్కున్నరు."

"ఒక్క రోజు మేడమ్. గురువారం ఒక్కరోజు బయటికి రావద్దండి."

"జెనీవా ఎట్ల పోవాలె మరి? ఆ పిల్లలు నా చేతులల్ల పోయిన్రు బాబూ. వాళ్లకేమైందో చెప్పెటందుకు నేనొక్కదాన్నే మిగిలిన. పెట్టేస్తున్న, పేషెంట్ ఉన్నడు."

పారిపోదామా అని ఒకసారి అనుకున్నాడు. సంస్థ చేసిందదే. కానీ ఆ రైఫిల్ తన చేతిపని. అది ఏం చేయగలదో అతనికొక్కడికే పూర్తిగా తెలుసు. ఇక మిగిలినవి రెండే. వాన, గొడుగు.

* * *

గురువారం ఎండ కాసింది.

మామూలు ఎండ కాదు. ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. షెఫీల్డ్ జనమంతా కోట్లు విప్పి చేతులకి వేలాడేసుకుని తిరుగుతున్నారు. పేపరబ్బాయి నుంచి బస్సు డ్రైవరు దాకా ఎవరు కలిసినా, ఎంత మంచి రోజు, ఎంత మంచి రోజు అనే. రాజ్‌కిరణ్ ప్రతి ఒక్కరికీ అవునని తలూపుతూ నడిచాడు. మబ్బు కోసం ఆకాశమంతా వెతికాడు.

కౌన్సిల్ వాళ్లు పడగొట్టబోతున్న ఒక టవర్ బ్లాక్‌లో పై అంతస్తు ఫ్లాటు. గోడల మీద ఎవరో పిల్లల స్టిక్కర్లు ఇంకా ఉన్నాయి. డ్రెన్ కిటికీకి బాగా వెనక్కి టేబుల్ లాగి, దాని మీద రైఫిల్ పెట్టి పడుకున్నాడు. దాని మూతికి శబ్దాన్ని మింగే గొట్టం బిగించాడు. పక్కనే కుర్చీలో రాజ్‌కిరణ్, కంటికి బైనాక్యులర్లు.

కిటికీలోంచి చూస్తే వాలు దిగువన ఐదువందల గజాల పైచిలుకు దూరంలో ఆసుపత్రి గేటు. కారు దగ్గర ఎర్ర కోటులో లాస్య. చేతిలో పసుపు గొడుగు.

"గాలి?" అన్నాడు డ్రెన్.

"ఎడమనుంచి. గట్టిగా ఉంది. ఇద్దరు మనుషుల వెడల్పు సరిచెయ్యి."

డ్రెన్ స్కోపులోంచి కన్ను తీయలేదు. "అక్కడ బాల్కనీలో బట్టలు ఆరేశారు. కదలడం లేదు. నీకు అలసటగా ఉన్నట్టుంది మిత్రమా. గాలి నేనే చూసుకుంటాను."

ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. నీలం కార్డిగన్, భుజానికి సంచి, పొట్టి మనిషి. డాక్టర్ చాముండేశ్వరి నడుస్తూనే వెనక్కి తిరిగి నర్సుకేదో చెబుతోంది.

లాస్య గొడుగు తెరిచింది.

రాజ్‌కిరణ్ చెవులు మెట్లవైపు పెట్టాడు. బూట్ల చప్పుడు లేదు. లిఫ్టు చప్పుడు లేదు.

దిగువన లాస్య గొడుగు మూసింది. మళ్లీ తెరిచింది. నెత్తిమీద మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద, పసుపు గొడుగు పట్టుకుని ఒంటరిగా నిలబడి, టవర్ వైపు తలెత్తి చూసింది. ఆ ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

మెట్ల మీద ఎవరూ రాలేదు.

"ఎండలో గొడుగెందుకు?" అన్నాడు డ్రెన్ నెమ్మదిగా. తర్వాత చిన్నగా నవ్వాడు. "ఓహో. పాపం పిల్ల. సరే, ముందు డాక్టరు. తర్వాత ఆమె."

అతని ఊపిరి బయటికి పోయింది. వేలు మెల్లగా వంగడం రాజ్‌కిరణ్ చూశాడు. ఆ ట్రిగ్గర్ ఎంత బరువుకి తెగుతుందో అతని వేళ్లకి తెలుసు.

కుర్చీలోంచి ఎగిరి మోచేత్తో బారెల్‌ని గుద్దాడు.

గొట్టం దగ్గు దగ్గింది. దిగువన పసుపు గొడుగు గాల్లోకి లేచి, నేలమీద దొర్లుకుంటూ పోయింది. ఎర్ర కోటు కారు పక్కన కుప్పకూలింది.

డాక్టర్ చాముండేశ్వరి పరిగెత్తలేదు. దాక్కోలేదు. సంచి విసిరేసి ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులూ గాయం మీద అదిమిపెట్టి ఎవరినో కేకేస్తోంది. కదలకుండా కూర్చున్న మనిషి. చిన్నపిల్లాడికైనా గురి తప్పదు.

డ్రెన్ రాజ్‌కిరణ్‌ని ఒక్క తాపు తన్ని, రెండో గుండు ఎక్కించడానికి బోల్టు వెనక్కి లాగాడు. రాజ్‌కిరణ్ పడుతూ పడుతూ రైఫిల్ పక్కనున్న చిన్న మీటను బొటనవేలితో నొక్కాడు. శుభ్రం చేసేటప్పుడు బోల్టుని పూర్తిగా బయటికి తీయడానికి వాడే మీట అది. వెన్నలో కత్తిలా జారే ఆ బోల్టు, జారి జారి, రైఫిల్‌ని వదిలేసి డ్రెన్ చేతిలోకి వచ్చేసింది.

డ్రెన్ ఒక క్షణం చేతిలోని ఉక్కు ముక్కనీ, టేబుల్ మీది ఖాళీ గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. ప్రపంచంలోకెల్లా మంచి రైఫిల్ ఇప్పుడు ఒట్టి కర్ర.

ఆ ఉక్కు ముక్కతోనే రాజ్‌కిరణ్ ముఖం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు రాజ్‌కిరణ్‌కి లోపలినుంచి వినిపించింది. రెండో దెబ్బకి అతను డ్రెన్ కాళ్లని వాటేసుకున్నాడు. మూడో దెబ్బకి కూడా వదల్లేదు. ఎన్ని తగిలాయో తర్వాత లెక్క తెలియలేదు.

అప్పుడు వినిపించింది, మెట్ల మీద బూట్ల చప్పుడు.

* * *

ఆదివారం మధ్యాహ్నం, అదే ఆసుపత్రి, వార్డు చివర ఒక చిన్న గది. తలుపు బయట పోలీసు.

ముందు బూడిదరంగు సూటులో ఒకాయన వచ్చాడు. ఏ శాఖో చెప్పలేదు. చాలా మర్యాదగా మాట్లాడాడు. గొడుగు తమ వాళ్లు చూశారట. లోపలికి వెళ్లడానికి పైనుంచి అనుమతి కోసం ఎదురుచూస్తున్నారట. అనుమతి వచ్చేసరికి గుండు పేలిందట. డ్రెన్ మీద కేసు ఉండదట. అతను తనకి తెలిసినవి చెప్పడం మొదలుపెట్టాడు, అవి చాలా విలువైనవట. ఢిల్లీని అడిగితే, ఆ పేరుగల మనిషి తమ దగ్గర ఎప్పుడూ పనిచేయలేదని రాసి పంపారట.

"మీరు కోలుకున్నాక దేశం విడిచి వెళ్లొచ్చు. మీ మీదా కేసు లేదు. అసలేమీ జరగలేదు కదా," అని చేయి కలిపి వెళ్లిపోయాడు.

తర్వాత డాక్టర్ చాముండేశ్వరి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఫోన్ చేసింది నువ్వే గదా," అంది. "గొంతు గుర్తువట్టలేను, నోరంత తీగలు కట్టిన్రు. కానీ నువ్వే."

అతను తలూపాడు. తర్వాత పళ్ల సందుల్లోంచి, ఒక్కొక్క మాటే నెట్టాడు. "ఆ పాప... నా మోచేయి. గుండు మీ మీదికి వచ్చేది. నేను గుద్దితే... ఆమెకి తగిలింది."

చాముండేశ్వరి అతని వైపు చూసింది. ఓదార్చడానికి చూసిన చూపు కాదు. రిపోర్టు చదివేటప్పుడు చూసే చూపు.

"ఆ పిల్ల ఉత్తగ నిలవడలేదు. నన్ను చూసి ఉరుక్కుంట నా ముందటికొచ్చింది. ఆంటీ, డౌన్ అన్నది. అప్పుడే తగిలింది. నీ చేతివల్ల తగిలిందా, ముందటికొచ్చినందుకు తగిలిందా అంటే... గాయం చూసిన. ఆపరేషన్ చేసినోళ్లని అడిగిన. గాయం అది చెప్పదు బాబూ. ఎవ్వరు చెప్పలేరు."

"పోయేముందు... మాట్లాడిందా?"

"తెలుగుల మాట్లాడింది. తప్పులు తప్పులుగ. నవ్వొద్దు అన్నది నాతోని." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నేనెందుకు నవ్వుత?"

రాజ్‌కిరణ్ గోడవైపు తిరిగాడు. విరిగిన దవడతో ఏడవడం చాలా కష్టం. అయినా ఆగలేదు. ఆమె లేచి వెళ్లలేదు, చేయి పట్టుకోనూ లేదు. పక్కనే కూర్చుంది.

కాసేపటికి అతను అడిగాడు. "జెనీవా?"

"వాయిదా. ఇంత గొడవైనంక సాక్షికి రక్షణ లేదని వాళ్ల వకీళ్లు టైమడిగిన్రు. ఇచ్చిన్రు. వచ్చే ఏడాది చూస్తరంట. అప్పటికి ఎంక్వైరీ ఉంటదో ఉండదో."

"మళ్లీ వస్తారు మేడమ్. మీకోసం. వాడు కాకుంటే ఇంకొకడు."

"రానీ."

పేజర్ కూసింది. ఆమె నడుముకున్నదే. తీసి చూసుకుని, మోకాళ్లు పట్టుకుని లేచింది.

"హియరింగ్ లేదు గదా, ఖాళీగ ఉన్ననని మేనేజరు అన్ని డ్యూటీలు నాకే ఏసిండు. వారమంత పొద్దున వార్డు, మాపటికి క్లినిక్." తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మల్ల నన్ను చంపెటోడు ఎవడన్న నీకు కలిస్తే, ముందుగాల నా డ్యూటీ రోటా చూస్కొని రమ్మను. ఈ నెలంత నాకు చచ్చే తీరిక లేదు."

ఆమె వెళ్లిపోయింది. కిటికీ బయట ఇంకా ఎండగానే ఉంది.